ఇల్లుబండి చిరునామా

చిట్యాల,
జూన్ 5, 2023

హలీమా,

కూర్చుని చదువు. నిలబడి చదివితే పడిపోతావు. నేను ఇల్లు కొన్నాను. దానికి ఆరు చక్రాలున్నాయి.

నవ్వకు, నిజమే చెబుతున్నాను. ఒక ఫ్యాక్టరీ వాళ్లు పనివాళ్లను తీసుకురావడానికి నడిపిన మినీ బస్సు అది. అమ్మకానికి పెట్టారని తెలిసి, మా దవాఖానా అంబులెన్సు డ్రైవరు డేవిడ్‌ను వెంటబెట్టుకుని పోయాను. డేవిడ్ ఇంజిను చూశాడు, నేను లోపల నిలబడి చూశాను. తల పైకి తగల్లేదు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బంతా దాని మీదే పెట్టేశాను. ఇప్పుడది హైవే పక్కన గోపయ్య షెడ్డులో ఉంది. గోపయ్య ముప్ఫై ఏళ్లుగా లారీలకు బాడీలు కట్టే మేస్త్రీ. సీట్లు పీకేసి లోపల మంచం, పొయ్యి పెట్టుకోవడానికి గట్టు, స్నానానికీ దొడ్డికీ కలిపి ఒక చిన్న గది, పైన నీళ్ల ట్యాంకు కట్టమన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"సిస్టరమ్మా, డ్రైవరు పండేటందుకు జాగ చేసిన గని, మనిషి బతికేటందుకు ఎన్నడు చేయలే."

"నేను గూడ ఎన్నడు కొనలే. ఇద్దరం కలిసి నేర్సుకుందం పా."

హైదరాబాదులో దీన్ని మోటార్‌హోమ్ అంటారట. గోపయ్య ఇల్లుబండి అంటాడు. నాకు గోపయ్య మాటే నచ్చింది.

ఎందుకీ పిచ్చి అని అడుగుతావు. మార్చిలో రిటైరయ్యాను, క్వార్టరు ఖాళీ చేశాను. అప్పటి నుంచి పధ్నాలుగు ఇళ్లు చూశాను. అందరూ అడిగేవి రెండే ప్రశ్నలు. మొదటిది, "ఒక్కదానివేనా?" దానికి జవాబు చెబితే జాలి పడతారు. రెండోది, "మీరు ఏమిటోళ్లు?" దానికి జవాబు చెప్పగానే ఆ గది వాళ్ల మేనల్లుడికి కావలసి వస్తుంది. ఒక ఇంట్లో అయితే ఆ పెద్దావిడ కోడలికి కాన్పు చేసింది నేనే. బిడ్డను నా చేతుల్లోంచి తీసుకున్న రోజు ఏమిటోళ్లమో ఆమెకు పట్టలేదు.

ఇప్పుడు అరుణమ్మ అనే ఆమె మేడ మీద గదిలో ఉన్నాను. మాంసం కూర వండకూడదు, చుట్టాలు రాకూడదు, కిరాయి కాగితం అడగకూడదు. అదీ అక్టోబరు ఆఖరు దాకానే, ఆ తర్వాత గది ఆమెకు కావాలి. సరే అన్నాను. ఆ తర్వాత ఇక ఈ జన్మలో నేను ఎవరి గడప ముందూ నిలబడి నా కులం చెప్పుకోను. పదకొండు ఊళ్లలో నర్సు నౌకరీ చేశాను. పదకొండు ఊళ్లకూ నా ఇంట్లో కూర్చుని, నేనే నడుపుకుంటూ పోతాను. నడపడం డేవిడ్ ఎప్పుడో నేర్పాడు, లైసెన్సూ ఉంది. ఎవరైనా అడిగితే ఒక్కదాన్నే అని నేనే ముందు చెబుతాను.

పుట్టగానే నేను వీపు మీద ఒక్కటి వేస్తే గాని ఏడవని నీ కొడుకు డానిష్‌ను, కోడలు అఫ్రీన్‌ను అడిగానని చెప్పు.

స్వర్ణ


నారాయణపేట,
జూన్ 16

స్వర్ణా,

కూర్చునే చదివాను. అయినా పడ్డాను.

నీకు మతి పోయిందే. అరవై దాటాక మనుషులు మోకాళ్లకు నూనె రాసుకుంటారు, బస్సు కొనరు. ఎండకాలం ఆ రేకు డబ్బాలో ఉడికిపోతావు. దొడ్డి నిండితే ఎక్కడ ఖాళీ చేస్తావు? టైరు పంక్చరైతే ఎవరు మారుస్తారు? గ్యాసు పొయ్యి పెట్టుకుని గుంతల రోడ్డు మీద పోతావా? ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి జవాబు రాయి, తప్పించుకోకు. డానిష్‌కు చెబితే కడుపు పట్టుకుని నవ్వాడు. అఫ్రీన్ మాత్రం నవ్వలేదు. "కిటికీలకు పరదాలుంటయా అమ్మీ?" అని అడిగింది. ఆమెకు ఆ ఒక్కటే కావాలట.

నువ్వు ఫోను చేశావని అఫ్రీన్ చెప్పింది. చెయ్యకు. నాకు ఈ మధ్య చెవుల్లో బుస్ బుస్ తప్ప ఏమీ వినబడడం లేదు, వీడియోలో నీ పెదవులు ఆగి ఆగి కదులుతాయి. రాయి. మనకు మొదటి నుంచీ రాసుకోవడమే అచ్చొచ్చింది. నీకు బదిలీ అయినప్పుడల్లా కొత్త చిరునామా రాసుకుని, పాతది కొట్టేసి, నా పుస్తకంలో నీ పేజీ అంతా కొట్టివేతలే.

మా ముందు గది ఖాళీగా ఉంది, వచ్చి ఉండమని రాయాలనే ఉంది. రాస్తున్నాను కూడా. నువ్వు రావని తెలిసి రాస్తున్నానని అనుకుంటావేమో. అది కూడా కొంత నిజమే.

హలీమా


చిట్యాల,
జూలై 20

హలీమా,

ఉడకను, చెట్టు చూసుకుని ఆపుకుంటాను. దొడ్డి ట్యాంకు ఖాళీ చేసే బండ్లు ప్రతి ఊళ్లో ఉన్నాయి. టైరు మార్చడం డేవిడ్ నేర్పాడు, నాలుగుసార్లు విప్పించి నాలుగుసార్లు బిగింపించాడు. బండి ఆగినప్పుడే గ్యాసు వెలిగిస్తాను. అఫ్రీన్‌కు చెప్పు, పరదాలున్నాయి, దవాఖానాలో వాడే ఆకుపచ్చ గుడ్డతో నేనే కుట్టాను. నీ గదికి రాను. నీ మీద కోపంతో కాదు. ఇంకొకరి ఇంట్లో తలుపు మెల్లగా వేసుకుంటూ బతికింది చాలు.

బండి దాదాపు తయారైంది. మొన్న షెడ్డుకు పోతే తలుపు దగ్గర ఏదో అడ్డం ఉంది. చూద్దును కదా, ఇంటి గుమ్మానికి వేసే కడప! టేకు చెక్కతో, జానెడు ఎత్తున, రెండు వైపులా పూలు చెక్కిన కడప. బస్సు తలుపుకు! నేను గీసి ఇచ్చిన బొమ్మలో అది లేనే లేదు.

"ఇల్లు జెయ్యమంటివి. కడప లేకుంటె అది ఇల్లెట్లయితది సిస్టరమ్మా?" అన్నాడు గోపయ్య, తప్పు నాదే అన్నట్టు.

నేను ఆదివారం చర్చికి పోయే మనిషిని. అయినా వద్దనలేదు. పదకొండు క్వార్టర్లలో ఉన్నాను, ఒక్క కడపా నాది కాదు. దాని మీద చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చున్నాను హలీమా. ఏడ్చాను కూడా, దాచుకోవడం ఎందుకు.

కడప పెట్టిన రోజు ఆ ఇంట్లో పుట్టిన ఆడబిడ్డ వచ్చి, కడిగి పసుపు రాయాలట, ఆమెకు చీర పెట్టాలట. నీకూ తెలుసు కదా మన దిక్కు పద్ధతి. "నీ ఆడబిడ్డ ఎవలు?" అని అడిగాడు. నాకు తోడబుట్టినవాళ్లెవరూ లేరన్నాను. "గట్లనొద్దు. ఎవలదన్న పేరు చెప్పు." నీ పేరు చెప్పాను. "సాయిబులా?" అన్నాడు. అవునన్నాను. పసుపు గిన్నె దగ్గరికి లాక్కుని, "సరే, గామె పేరు మీద నేనే రాస్త," అని రాశాడు. కాబట్టి నీకు చీర బాకీ పడ్డాను, ఈ ఉత్తరంతో పాటు వస్తుంది.

ఇప్పుడు అసలు మాట. బండిని ఇల్లుగా మార్చినట్లు, నా పేరు మీదికి వచ్చినట్లు కొత్త ఆర్‌సీ కార్డు కావాలి. దానికి శాశ్వత చిరునామా కావాలట. తిరిగే ఇంటికి తిరగని చిరునామా! నా ఆధార్ మీద ఉన్న క్వార్టరులో ఇప్పుడు వేరే నర్సు ఉంది. అరుణమ్మ కాగితం ఇవ్వనంది. ఇంటి యజమాని ఒప్పుకోలు రాసి, ఇంటి పన్ను రసీదు జతచేస్తే ఆ చిరునామా తీసుకుంటామని రవాణా ఆఫీసులో అన్నారు.

నీ ఇల్లు నీ పేరు మీదే ఉందని తెలుసు. అడగడం నాకు చేతకాదు. అయినా అడుగుతున్నాను.

స్వర్ణ


నారాయణపేట,
ఆగస్టు 2

స్వర్ణా,

నారాయణపేట చీరను చిట్యాలలో కొని నారాయణపేటకు పంపిన మనిషివి ఈ భూమ్మీద నువ్వొక్కదానివే. ఆ అంచు నేసినవాళ్లు మా వెనక గల్లీలోనే ఉంటారు. అయినా కట్టుకున్నాను. ఎవరు పెట్టారని అడిగిన వాళ్లందరికీ కడప చీర అని చెప్పాను. ఎవరికీ అర్థం కాలేదు, నాకు భలే సంతోషమైంది.

ఒప్పుకోలు కాగితం, పన్ను రసీదు నకలు ఇందులో ఉన్నాయి. సంతకం తెలుగులో పెట్టాను. మా ఆయన నికాహ్ నాడు నాకిస్తానని ఒప్పుకున్న మెహర్ కింద ఈ ఇల్లు రాసిచ్చాడు. ఇన్నేళ్లలో ఇంటి యజమానురాలు అని ఒక కాగితం మీద సంతకం పెట్టడం ఇదే మొదటిసారి. అక్షరాలు వంకరగా వచ్చాయి, చూసి నవ్వకు.

డానిష్‌కు ఇంకా చెప్పలేదు. దుకాణం పనుల్లో తీరిక లేకుండా ఉన్నాడు. తర్వాత చెబుతాను.

హలీమా


చిట్యాల,
సెప్టెంబరు 10

హలీమా,

కడప పోయింది.

రవాణా ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చినాయన బండి అంతా చూశాడు. మంచం గట్టిగా ఉందన్నాడు, నీళ్ల పైపులు బాగున్నాయన్నాడు. తలుపు దగ్గరికి వచ్చి ఆగాడు. "గిదేంది? కాలుకు తాకి పడరా? గీసిచ్చిన నకషల ఉన్నదా?" గోపయ్య చేతులు కట్టుకుని చెప్పాడు, "కడప సార్. పదిహేను దినాలు చెక్కిన." నేనూ ఊరుకోలేదు. కడప తీస్తే ఇల్లెట్లయితదని అడిగాను. "ఇల్లు గాదమ్మా, బండి," అన్నాడాయన. నవ్వలేదు, కోప్పడలేదు, ఫారం మీద కొట్టేసి పోయాడు.

గోపయ్యే విప్పాడు. నా వైపు చూడకుండా విప్పాడు. ఆయన తప్పేమీ లేదు. నలభై రోజులు ఇల్లు ఇల్లు అని నేనంటే, ఆయన చెయ్యి ఇల్లే కట్టింది. చెక్కను పాత చీరలో చుట్టి మంచం కింద పెట్టాను. తీసెయ్యమన్నారు, పారెయ్యమనలేదు. రెండో తనిఖీలో బండి పాసైంది. కానీ ఈ కడప వల్ల మూడు వారాలు పోయాయి.

కార్డు నీ ఇంటికి పోస్టులో వస్తుంది. అది చేతికి వచ్చేదాకా బండి రోడ్డెక్కకూడదు. అక్టోబరు ఆఖరుకు గది ఖాళీ చెయ్యాలి. అరుణమ్మ ఇప్పటికే మెట్ల మీద ఎదురైతే తేదీ గుర్తు చేస్తోంది. పోస్టు వాళ్లు పిలిస్తే నీకు వినబడదు, అఫ్రీన్‌కు గట్టిగా చెప్పి ఉంచు.

స్వర్ణ


నారాయణపేట,
సెప్టెంబరు 28

స్వర్ణా,

కార్డు ఇంకా రాలేదు. ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి, పోస్టు ఆలస్యమవుతోందేమో. డానిష్‌కు చెప్పాను. ఏమీ అనలేదు. నువ్వు ఫికరు పెట్టుకోకు.

హలీమా


చిట్యాల,
అక్టోబరు 9

హలీమా,

ఆఫీసుకు పోయాను. కార్డు ఎప్పుడో పంపారు. తిరిగి వచ్చింది. కవరు నా చేతికి ఇచ్చి చూపించారు, మళ్లీ తీసుకున్నారు, చిరునామాకు తప్ప చేతికి ఇవ్వరట. దాని మీద నీలం సిరాతో రాసి ఉంది: "ఈ పేరు గల మనిషి ఈ ఇంట్లో లేరు."

ఆ వాక్యం నాకు కొత్తది కాదు. పధ్నాలుగు ఇళ్ల ముందూ విన్నదే. కానీ నీ ఇంటి నుంచి వస్తుందనుకోలేదు.

ఎవరి చేతిరాత అది? నీది కాదు, నీ రాత ముప్ఫై ఏళ్లుగా చదువుతున్నాను. డానిష్‌దా? నీకు తెలుసా, తెలియదా? తెలిసే వానలని రాశావా? వానల వల్ల కార్డు వెనక్కి పోదు హలీమా. ఇష్టం లేకపోతే జూలైలోనే ఒక్క ముక్క రాస్తే పోయేది. వద్దు అనే మాట విని విని ఉన్నాను, ఇంకొకటి విన్నా చచ్చిపోను. అబద్ధం మాత్రం నీ నుంచి ఓర్చుకోలేను.

ఇంకోసారి పంపమని అర్జీ పెట్టాను. ఆఖరుసారి అన్నారు. ఈసారీ వెనక్కి వస్తే చిరునామా కొట్టేస్తారు. బండి గోపయ్య షెడ్డులోనే తుప్పు పడుతుంది. నేనెక్కడికీ పోయి ఎవరినీ బతిమాలను. షెడ్డులోనే ఉంటాను.

స్వర్ణ


నారాయణపేట,
అక్టోబరు 16

స్వర్ణా,

నాకు తెలుసు. కార్డు వెనక్కి పోయిందని తెలియదు, కానీ డానిష్‌కు ఇష్టం లేదని ఆగస్టులోనే తెలుసు.

సంతకం పెట్టిన వారానికే, నేను ఉంచుకున్న ఒప్పుకోలు నకలు వాడి కంటబడింది. వాడు ఇంటి ముందు భాగం పడగొట్టి దుకాణాలు కట్టాలనుకుంటున్నాడు. ఇంకొక పేరు ఈ ఇంటికి తగిలితే రేపు పేచీ వస్తుందన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. ఆ మాట నీకు రాయలేక మింగేశాను. ఇప్పుడు రాస్తున్నాను. "బజార్ల బస్సు పెట్టుకొని బతికే ఆడామె మన ఇంటి మనిషంటే ఇజ్జత్ ఏమున్నది అమ్మీ?"

నేను వెంటనే లొంగిపోయాను. "కాగితం వాపసు తీసుకుంట," అన్నాను. తీసుకోలేదు. వాడికి అబద్ధం చెప్పాను, నీకూ అబద్ధం చెప్పాను, ఇద్దరి మధ్యా దాక్కున్నాను. నా ఇంటి మీద నా కొడుకును అనుమతి అడిగాను చూడు, అదే నా తప్పు.

నీ ఉత్తరం చదివి అఫ్రీన్‌ను నిలదీశాను. ఆమె నా ఎదురుగా కూర్చుని, పెదవులు మెల్లగా కదుపుతూ చెప్పింది. పోస్టు వచ్చిన రోజు నేను వెనక మిరపకాయలు ఎండబోస్తున్నాను. గేటు దగ్గర డానిష్ ఉన్నాడు. కవరు చూసి, జేబులో పెన్ను తీసి, రాసి ఇచ్చేశాడు. అఫ్రీన్ అప్పుడే నాకు చెప్పాలనుకుని భయపడిందట. పాపం, ఆ పిల్లనేమంటాను? నేనే భయపడ్డాను.

డానిష్ దుకాణం నుంచి అన్నానికి వచ్చాడు. కంచం పెట్టి, ఎదురుగా నిలబడి అడిగాను. మా ఇంట్లో ఉర్దూలో జరిగిందాన్ని నీకు తెలుగులో రాస్తున్నాను, వేడి కొంత తగ్గి ఉంటుంది.

"నువ్వు పుట్టినప్పుడు ఏడ్వలే, బేటా. నీలంగ అయిపోయినవు. ఇజ్జత్ లేదన్నవే, గామె చెయ్యే నీ ఈపు మీద పడ్డది. గందుకే ఇయ్యాల మాట్లాడుతున్నవు."

"అమ్మీ, మెల్లగ..."

"ఈ ఇల్లు నీ అబ్బా నాకిచ్చిండు. నీకు గాదు. నేను చచ్చినంక ఏం జేస్తవో చెయ్. నేనున్నన్ని దినాలు ఈ ఇంటి మీద ఇద్దరు ఆడోళ్ల పేర్లు ఉంటయి. ఒకరు ఇంట్ల ఉంటరు, ఒకరు తిరుగుతుంటరు."

నాకు వినబడదు కదా, ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు. గల్లీ చివర చాయ్ హోటలు దాకా వినబడిందని అఫ్రీన్ చెప్పింది. వినబడనీ.

మరునాడు బోర్డులు రాసే అతని దగ్గరికి నేనే నడిచి పోయాను. రేకు మీద రెండు వరుసలు రాయించాను. పైన హలీమా బేగం, కింద స్వర్ణ, స్టాఫ్ నర్సు, రిటైర్డ్. గేటుకు నేనే మేకు కొట్టాను. తీస్తే నా మీద నుంచి తియ్యాలని డానిష్‌కు చెప్పాను. తియ్యలేదు. మాట్లాడడమూ లేదు.

నిన్నటి నుంచి గేటు లోపల కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. పోస్టు మనిషి ఆ గల్లీ దాటి పోయేదాకా లేవను. పిలుపు వినబడదు గాని, మనిషి కనబడుతుంది.

నన్ను క్షమించమని రాయను. కార్డు వచ్చాక అడుగుతాను.

హలీమా


గోపయ్య షెడ్డు, చిట్యాల,
అక్టోబరు 31

హలీమా,

గది ఖాళీ చేశాను. అరుణమ్మ తాళంచెవి తీసుకుంటూ, "ఎక్కడికి పోతవమ్మా?" అంది. "నా ఇంటికి," అన్నాను.

ఇల్లు ఇక్కడే ఉంది, కదలదు, అంతే. డేవిడ్ వచ్చి రోజూ ఇంజిను ఆన్ చేసి పోతున్నాడు. గోపయ్యకు ఈ జాగా కావాలి, రెండు లారీలు బయట నిలబెట్టుకున్నాడు. అడిగితే, "ఉండు సిస్టరమ్మా, లారీలకేమన్న తొందరున్నదా?" అంటాడు. ఉంది, నాకు తెలుసు. ఇంకో పది రోజుల కంటే ఆయన మీద బరువు పెట్టను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో, రెండోసారి ఏడుస్తూ. మూడోసారి మేకు కొట్టిన చోట ఆగిపోయి నవ్వాను. నీకు సుత్తి పట్టుకోవడం వచ్చా? వేలు నలిగిందా? పచ్చి అబద్ధం చెప్పకుండా రాయి.

కుర్చీలోంచి లేవకు.

స్వర్ణ


నారాయణపేట,
నవంబరు 8

స్వర్ణా,

ఈ ఉత్తరానికి స్టాంపు లేదు. ఇది డానిష్ చేతికి ఇస్తున్నాను. కార్డు కూడా వాడి జేబులోనే ఉంది.

నిన్న పదకొండు గంటలకు వచ్చింది. ఈమధ్య మా గల్లీకి గుర్వమ్మ అని కొత్త పోస్టు మనిషి వస్తోంది. బోర్డు చదివి, కవరు చదివి, నన్ను చూసింది. నేను ఆమె పెదవుల మీదే కళ్లు పెట్టుకుని ఉన్నాను.

"స్వర్ణ అంటె ఎవరమ్మా?"

"ఈ ఇంటి మనిషి."

"ఏడున్నది మరి?"

"తొవ్వల ఉన్నది. వస్తాంది."

సరిగ్గా అప్పుడే డానిష్ లోపల నుంచి వచ్చి నా వెనక నిలబడ్డాడు. నీడ పడితే తెలిసింది. నేను తిరిగి చూడలేదు. గుర్వమ్మ పుస్తకం చాపి, వేరేవాళ్లు తీసుకుంటే సంతకం పెట్టి, ఆ మనిషి ఏమవుతారో పక్కన రాయాలంది. పెన్ను తీసుకున్నాను. ఈసారి అక్షరాలు వంకర పోలేదు. పెద్ద అక్షరాలతో రాశాను: ఆడబిడ్డ. ఆ మాట డానిష్ చదవాలనే పెద్దగా రాశాను. ఆడబిడ్డ పుట్టింటికి వస్తానంటే వద్దనే హక్కు ఎవరికీ లేదని వాడికి నేను చెప్పనక్కర్లేదు.

ఏ చేతితో వెనక్కి పంపాడో ఆ చేతితోనే తీసుకుపోయి ఇవ్వాలన్నాను. కవరు అందుకుని, దాని మీది పేరు చదివాడు. తర్వాత, బస్సు ఎన్ని గంటలకని అడిగాడు. దుకాణాల సంగతి వాడు మానుకోలేదు, నేనూ మెత్తబడలేదు. అది మా ఇద్దరి పోరు, చూసుకుంటాం.

వచ్చినవాడికి ముందు చాయ్ ఇవ్వు. తిట్టాలనుంటే చాయ్ తాగాక తిట్టు, నా వంతు అయిపోయింది. వాపసు వచ్చేటప్పుడు వాడు నీ పక్క సీట్లోనే కూర్చుంటాడు. గోపయ్య కడపను జాగ్రత్తగా తీసుకురా. మా ముందు దర్వాజ కడపను చెదలు తినేశాయి, నీదే పెట్టిద్దాం. మంచం కింది నుంచి దింపేటప్పుడు డానిష్‌తో మోయించు. పసుపు రాయడానికి నేనున్నాను, నా చీర నాకు ముందే ముట్టింది.

క్షమించమని ఇప్పుడు అడుగుతున్నాను. వేలు నలిగింది, గోరు నల్లబడింది, అబద్ధం కాదు.

గేటు ముందు జాగా ఊడ్చి నీళ్లు చల్లి ఉంచాను. బండి వచ్చాక హారన్ కొట్టకు, నాకు వినబడదు. తిన్నగా గేటు ముందుకు వచ్చి ఆపు. నేను కుర్చీలోనే ఉంటాను.

హలీమా